నిడివి ఎవరి అవసరం?

సాహిత్య విమర్శ పత్రికలో వీడియో ఆటల మీద వ్యాసమేమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. సినిమా గురించి రాసినప్పుడు కూడా ఒకనాడు ఇదే అభ్యంతరం వచ్చింది. కథ చెప్పే ప్రతి రూపమూ, అది వ్యాపారంలో ఎంత కూరుకుపోయినదైనా, విమర్శకుడి పరిధిలోనిదే. పైగా నేనిక్కడ మాట్లాడదలచుకున్న ఆటలు కథ మీద, పాత్రల మీద, సంభాషణల మీద ఆధారపడి బతికేవి. జపానులో పుట్టి పెరిగిన వీటిని ‘జపనీస్ రోల్ ప్లేయింగ్ గేమ్స్’ అంటారు. చాలా ఏళ్లపాటు వీటి మీద నాకున్న మక్కువ క్రమంగా సన్నగిల్లింది. ఎందుకు సన్నగిల్లిందని ఆలోచిస్తూ పోతే ఆ ప్రశ్న నా సొంత అభిరుచి దగ్గర ఆగలేదు. నిడివి అనే శిల్ప సమస్య దగ్గరికీ, ఆ శిల్పం వెనుక ఉన్న సరుకు లెక్కల దగ్గరికీ తీసుకుపోయింది.

ఈ ఆటలు ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. కథానాయకుడు ఒక్కడే ఉంటాడు, లేదా నలుగురైదుగురి జట్టు ఉంటుంది. ఊళ్లలో మనుషులతో మాట్లాడాలి, ఊరు దాటితే రాక్షసులతో పోరాడాలి. పోరాటం వంతులవారీగా సాగుతుంది: కొట్టడమా, మంత్రం వెయ్యడమా, మందు తాగించడమా అని ప్రతి వంతుకూ ఎంచుకోవాలి. గెలిచినప్పుడల్లా కొంత డబ్బు, కొన్ని మార్కులు వస్తాయి. మార్కులు పోగుపడితే పాత్ర ‘లెవెల్’ పెరుగుతుంది, బలం పెరుగుతుంది, మునుపు చంపలేని రాక్షసుణ్ణి ఇప్పుడు చంపగలుగుతాడు. ఈ మార్కులకు జపాను భాషలో ‘కేయికెన్‌చి’ అని పేరు. కేయికెన్ అంటే అనుభవం, చి అంటే విలువ. అనుభవపు విలువ! రాజకీయ అర్థశాస్త్రం కాస్తయినా చదివినవాళ్లు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతారు.

ఈ రూపం ఆదిలో ఎంత చిన్నదో ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. 1986 మే నెలలో ఎనిక్స్ కంపెనీ ‘డ్రాగన్ క్వెస్ట్’ను విడుదల చేసింది. రూపకర్త యూజీ హోరీ, బొమ్మలు అకిరా తొరియామా, సంగీతం కోయిచీ సుగియామా. అమెరికాలో 1981లో వచ్చిన ‘విజర్డ్రీ’, ‘అల్టిమా’ అనే కంప్యూటర్ ఆటలే దీనికి ఆధారం. నింటెండో వారి ఫామికాన్ యంత్రంలో ఆ రెండింటి క్లిష్టతనూ వడగట్టి, ఇంట్లో పిల్లలు ఆడగలిగేలా చేశారు. మొత్తం ఆట 64 కిలోబైట్లు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫోటో దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆడినంతవరకు భద్రపరచుకునే సౌకర్యం కూడా లేదు. ఆట ఇచ్చే ఇరవై అక్షరాల ‘పునరుజ్జీవన మంత్రం’ కాగితం మీద రాసుకుని, మర్నాడు మళ్లీ అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి. చోటు చాలక, నీలం రంగు రాక్షసుడికే ఎర్ర రంగు పూసి మరో రాక్షసుడని నిలబెట్టారు.

అయినా ఆ పేదరికంలో ఒక శిల్పం ఉంది. ఆట మొదలైన కోట బయటికి వచ్చి నిలబడితే, నీళ్లకు అవతల శత్రువు కోట కనిపిస్తుంది. ముగింపు ఎక్కడుందో మొదటి నిమిషంలోనే తెలుసు, అక్కడికి చేరే దారే కథ. దారి తెలిసినవాడు పది పన్నెండు గంటల్లో చేరుతాడు. ఇంతటి పొదుపు మంచి కథానికలో చూస్తాం.

మరో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో తక్కిన ఆటలు చాలామటుకు చేతి చురుకు మీద ఆధారపడ్డవి. వేళ్లు ఆడనివాడు ఎన్నాళ్లు ఆడినా మొదటి మెట్టు దగ్గరే చస్తాడు. ఇక్కడ అట్లా కాదు. ఎంత మొద్దుచేతివాడైనా, ఎంత చిన్నపిల్లైనా, ఓపికగా నాలుగు పోరాటాలు ఎక్కువ చేస్తే బలం పెరుగుతుంది, ముందుకు పోతారు. నేర్పు లేనివాడికి కాలమే పెట్టుబడి. ఇది ఈ రూపంలోని ప్రజాస్వామిక గుణమని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. 1988 ఫిబ్రవరిలో ‘డ్రాగన్ క్వెస్ట్ 3’ ఒక బుధవారం నాడు విడుదలైతే పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు బారులు తీరారు. ఆ బారుల వెనుక ప్రచారంతోపాటు, ఎవరైనా గెలవగల ఆట ఇదన్న ఆకర్షణ కూడా ఉంది.

అయితే కాలమే పెట్టుబడి అయినచోట, ఆ పెట్టుబడిని పిండుకోవాలన్న ఆశ తయారీదారుకు పుట్టకుండా ఉండదు.

1995లో స్క్వేర్ కంపెనీ తెచ్చిన ‘క్రోనో ట్రిగ్గర్’ దాకా ఈ ఆశ అదుపులోనే ఉంది. హోరీ, తొరియామాలతోపాటు ‘ఫైనల్ ఫ్యాంటసీ’ సృష్టికర్త హిరోనోబు సకగుచి కూడా దానికి పనిచేశాడు. ధర 11,400 యెన్లు. మొదటి ‘డ్రాగన్ క్వెస్ట్’ ధర 5,500. ఇంత డబ్బు పోసినవాడు గంటలు లెక్కపెట్టడం సహజం. ఆ లెక్కకు తలొగ్గకుండా వాళ్లు సుమారు ఇరవై గంటల కథే చెప్పారు. ఆ ఇరవై గంటల్లో ఒకే నేల ఆదిమ యుగంలో, రాజుల కాలంలో, ప్రపంచం బూడిదైన తర్వాత ఎట్లా ఉంటుందో చూపించారు. ఇంకా ఆడాలనుకునేవాడికి పలు ముగింపులు పెట్టారు. సంపాదించిన బలంతోనే మొదటినుంచి మళ్లీ ఆడుకోవచ్చు. అంటే నిడివిని ఆడేవాడి ఇష్టానికి వదిలారు. అంతకు ముందు ఏడు, 1994లో, షిగెసాతో ఇతోయి రాసిన ‘మదర్ 2’ ఇంకో చక్కని పని చేసింది. మన జట్టు బాగా బలపడిన తర్వాత బలహీనమైన శత్రువు తగిలితే పోరాటం తెర కూడా లేవదు, గెలిచారని చెప్పి మార్కులు ఇచ్చేస్తుంది. తేలిపోయిన పోరాటాన్ని మళ్లీ నటించడం ఎందుకన్న ఇంగితం అది. ఇతోయి ప్రకటనలకు మాటలు రాయడంలో పేరుపడ్డవాడు. తక్కువ మాటల విలువ ఎరిగినవాడని అనుకుంటాను.

తర్వాత గట్లు తెగాయి. కార్ట్‌రిడ్జి పోయి డిస్కు వచ్చింది, చోటు కొరత తీరింది. 2000లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్ 7’లో మొదటి రాక్షసుడు ఎదురుపడటానికే కొన్ని గంటలు పడుతుంది, మొత్తం నూరు గంటలు దాటుతుంది. 2016లో అట్లస్ కంపెనీ ‘పర్సోనా 5’ తెచ్చింది, దాదాపు నూరు గంటలు. 2019లో దాన్నే కొంత పెంచి ‘పర్సోనా 5 రాయల్’ అని మళ్లీ అమ్మారు. కొత్తగా చేర్చిన కథ చివర్లో ఉంది. పాత ఆట పూర్తిచేసినవాడు కూడా మొదటినుంచి అంతా మళ్లీ ఆడితేనే అక్కడికి చేరతాడు. అదీ ఫలానా పాత్రతో ఫలానా తేదీలోపు స్నేహం ముదిరితేనే!

ఎందుకిట్లా అయింది? ఇందులో ఎంత ఖర్చు ఎవరి మీద పడుతుందో చూడాలి. ఒక పట్టణాన్ని చిత్రించడానికి, ఒక రాక్షసుణ్ణి కదిలించడానికి, నటుల చేత మాటలు పలికించడానికి కంపెనీకి విపరీతంగా ఖర్చవుతుంది. ఒకసారి తయారైన తర్వాత అదే రాక్షసుణ్ణి అయిదువందలోసారి మన ముందు నిలబెట్టడానికి దాదాపు ఏమీ ఖర్చు కాదు. ఆడేవాడికి మాత్రం మొదటి పోరాటానికి ఎన్ని నిమిషాలో అయిదువందలోదానికీ సుమారుగా అన్నే. ఉత్పత్తిదారుకు గంట వెల తగ్గుతూ పోతుంది, వినియోగదారుకు తగ్గదు. ఈ తేడాలోంచే నిడివి పుడుతోంది. పెట్టె మీద ‘నూరు గంటల సాహసం’ అని అచ్చువేస్తే కొనేవాడికి గంటకు ఎన్ని యెన్లన్న లెక్కలో లాభం కనిపిస్తుంది. దీనికి తోడు జపానులో వాడిన ఆటల వ్యాపారం పెద్దది, అది చట్టబద్ధమేనని అక్కడి సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. తొందరగా ముగిసిన ఆట తొందరగా పాత దుకాణం చేరుతుంది. ముగియని ఆట ఇంట్లోనే ఉంటుంది. ఇది కూడా నిడివికి ఊతమిచ్చిందని నా అభిప్రాయం. సర్క్యులేషను కోసం సీరియల్‌ను వారం వారం సాగదీసి అడుగున ‘సశేషం’ అని వేసిన వారపత్రికల సంగతి ఎరిగిన తెలుగు పాఠకుడికి ఈ తంతు కొత్తగా తోచదు.

వస్తువు చెడ్డదైతే ఇంత బాధ లేదు. ‘పర్సోనా 5’లో వస్తువు మంచిదే. విద్యార్థులను హింసించే వ్యాయామోపాధ్యాయుడు, శిష్యుల చిత్రాలను దొంగిలించి తన పేరుతో అమ్ముకునే పెద్ద చిత్రకారుడు, కుర్రాళ్లను అప్పుల్లో ఇరికించే రౌడీ. పెద్దమనుషుల లోకం మీద పిల్లల తిరుగుబాటు ఇది. ఒకుముర అని ఒక హోటళ్ల కంపెనీ యజమాని వస్తాడు. అతని మనసు లోపలి దృశ్యం ఒక అంతరిక్ష కేంద్రంగా కనిపిస్తుంది. అక్కడ అతని ఉద్యోగులంతా యంత్రాలు, అరిగిపోయేదాకా పనిచేసి తుక్కులోకి పోతారు. ఈ ఊహ ఎక్కడినుంచో ఊడిపడ్డది కాదు. అతిశ్రమవల్ల చచ్చిపోవడానికి ‘కరోషి’ అని వేరే మాటే ఉన్న దేశం అది. 2018లో చట్టం చేసి 2019 ఏప్రిల్ నుంచి, ఎంత అత్యవసరమైనా అదనపు పని నెలకు నూరు గంటలు చేరకూడదని కట్టడి చేయవలసి వచ్చింది. నూరు గంటలు! అంకెలు కలవడం కేవలం యాదృచ్ఛికమే, కాని ఆ అంకె చూశాక నాకు పెట్టె మీది ప్రకటన వెనుకటిలా కనిపించలేదు.

ఆ అంతరిక్ష కేంద్రంలో మనం చేసేదేమిటి? ఆ యంత్రాలతోనే పోరాడతాం. చివరికి యజమాని ఉద్యోగి యంత్రాలను ఒక దళం వెంట ఒక దళంగా మన మీదికి తోస్తాడు, మనం వాళ్లను కొట్టి ‘అనుభవపు విలువ’ పోగుచేసుకుంటాం. రాయల్‌లో ఆ పోరాటాన్ని ఇంకా కఠినం చేశారు. కార్మికుడు ఇక్కడ జాలిపడవలసిన దృశ్యంగానూ, మార్కుల గనిగానూ ఉన్నాడు, మనిషిగా మాత్రం మాట్లాడే చోటు బహు తక్కువ. కొబయాషి తకిజీ 1929లో రాసిన ‘కనికోసెన్’ గుర్తుకు వచ్చింది. పీతలు పట్టి డబ్బాల్లో నింపే ఓడ మీది కూలీల కథ. ఒకటి రెండు కూర్చుళ్లలో చదివేయగల నవలిక. రచయితను 1933లో పోలీసులు హింసించి చంపారు. ఆ పుస్తకం 2008లో నిలకడలేని ఉద్యోగాల్లో నలుగుతున్న జపాను యువతరం చేతుల్లో మళ్లీ కుప్పలు తెప్పలుగా అమ్ముడుపోయింది. తీరికలేని మనుషుల కథను తీరికలేని మనుషులు చదవగలిగారు. ‘పర్సోనా 5’ కూడా అటువంటి వాళ్ల గురించే మాట్లాడాలనుకుంటుంది. కాని దాన్ని పూర్తిచేయడానికి వాళ్ల దగ్గర లేనిదాన్నే అడుగుతుంది.

అందులోనే ఇంకో సాగతీత. ఏదైనా జరిగితే జట్టంతా కూడి జరిగినదేమిటో చెప్పుకుంటారు. ఇంటికి వెళ్లి అదే విషయం ఫోనులో సందేశాలుగా పంపుకుంటారు. మర్నాడు బడిలో ఇంకోసారి. నేను దాదాపు డెబ్భయ్యో గంట దగ్గర ఆట పక్కన పెట్టి కొన్ని నెలల తర్వాత మళ్లీ పట్టుకున్నాను. కథ ఎంతమాత్రం మరిచిపోలేదు, అన్నిసార్లు చెప్పారు మరి.

లూకాచ్ 1936లో రాసిన ‘కథనమా? వర్ణనా?’ అనే వ్యాసం సాహిత్య విద్యార్థులకు పరిచితమే. అందులో ఆయన రెండు గుర్రప్పందాలను పోలుస్తాడు. జోలా ‘నానా’లో పందెం అద్భుతంగా, సమగ్రంగా వర్ణించబడింది, కాని కథకు దానితో ఉన్న ముడి వదులు. టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’లో పందెం కథకే కీలకం, వ్రాన్‌స్కీ గుర్రం కూలడంతో అన్నా తన మనసు దాచుకోలేకపోతుంది, భర్త ముందు నిజం బయటపడుతుంది. నిడివిని కొలవవలసిన గజం ఇదే. ఎంత పొడుగన్నది ఒక ప్రశ్న, దేనికి ముడిపడి ఉందన్నది అసలు ప్రశ్న.

ఈ గజంతో ‘ఫైనల్ ఫ్యాంటసీ 7’ను చూడండి. 1997 నాటి మూలంలో మిడ్గర్ అని ఒక నగరం ఉంటుంది. పైన ఉక్కు పళ్లెం మీద డబ్బున్నవాళ్లు, దాని నీడలో మురికివాడలు. షిన్‌రా కంపెనీ భూగోళపు ప్రాణశక్తిని తోడి కరెంటు చేసి అమ్ముతుంది. దాని రియాక్టరును ఒక చిన్న దళం పేల్చివేయడంతో ఆట ఆరంభం. కంపెనీ ప్రతీకారంగా పళ్లెం ఒక ముక్కను మురికివాడ మీదికి కూల్చేస్తుంది. ఇదంతా అయిదారు గంటల్లో, ఊపిరి సలపని వేగంతో జరుగుతుంది. 2020లో వచ్చిన పునర్నిర్మాణం ఈ మిడ్గర్ భాగాన్నే విడిగా ముప్ఫయి అయిదు గంటలకు పెంచి ఒక పూర్తి ఆటగా అమ్మింది. రెండో భాగం 2024లో వచ్చింది. పెంచిన దానిలో బాగున్నవి లేకపోలేదు. మొదటి ఆటలో పేర్లుగా మాత్రమే ఉన్న దళ సభ్యులు ఇందులో ఇల్లూ వాకిలీ ఉన్న మనుషులయ్యారు. అది వస్తువు కోరిన నిడివి. కాని పళ్లెం కూలి, వాడంతా శిథిలమై, చెలికత్తె శత్రువు చేతిలో బందీ అయిన తర్వాత, ఆమెను విడిపించడానికి బయలుదేరే ముందు, వరసగా చిల్లర పనులు అప్పగిస్తారు. ఒక దుర్మార్గుడు దాచిన నిధి వెతకడం కూడా వాటిలో ఒకటి. చెయ్యకపోయినా ఫరవాలేదంటారు. నిజమే, కాని ఆ పనులను ఆ క్షణంలో అక్కడ పెట్టినవాడికి ఆ క్షణం మీద గౌరవం లేదు.

నిడివే దోషమని నేను అనడం లేదు. ‘పర్సోనా’ ఆటల్లో బడి క్యాలెండరు రోజు రోజుగా కదులుతుంది. నలభై గంటలు గడిచేసరికి వానాకాలం, పరీక్షలు, రైలు స్టేషను దారి మన జీవితంలో భాగమవుతాయి. ఈ అనుభూతి రెండు గంటల సినిమా ఇవ్వలేదు. పరిమాణం పెరిగి గుణంగా మారడమంటే ఇదే. అయితే ఆ మార్పు ఒకసారి జరిగి ఊరుకోదు. ఒక హద్దు దాటాక పెరిగిన పరిమాణమే ఆ గుణాన్ని చంపడం మొదలుపెడుతుంది. స్నేహితుణ్ణి కలవడం స్నేహం కోసం కాక, అతని గీత నిండటానికి ఎన్ని సాయంత్రాలు కావాలన్న లెక్క కోసం జరుగుతుంది.

ఈ సంగతి కంపెనీలకు తెలియదనుకోవడం పొరపాటు. 2006 నాటి ‘ఫైనల్ ఫ్యాంటసీ 12’లో జట్టు తనంతట తనే పోరాడేలా ముందే ఆజ్ఞలు రాసిపెట్టవచ్చు. 2017లో దాన్ని మళ్లీ విడుదల చేసినప్పుడు ఆటను రెండింతలు, నాలుగింతలు వేగంగా పరుగెత్తించే మీట కలిపారు. ఆడటానికి కొనుక్కున్న ఆటను ఆడకుండా దాటవేసే మీట! ‘టేల్స్ ఆఫ్ అరైజ్’ (2021) ఇంకో అడుగు వేసింది. లెవెల్ పెంచుకునే శ్రమ తప్పించే సౌకర్యాలను విడిగా డబ్బుకు అమ్మింది. ముందు గంటలను సృష్టించడం, ఆ గంటలనుంచి విముక్తిని మరో సరుకుగా అమ్మడం. అనుభవపు విలువకు చివరికి నిజంగానే వెల కట్టారు.

నా విముఖతకు వయసే కారణమని, ఉద్యోగస్థుడి తీరికలేమి అని ఒక మిత్రుడు వాదించాడు. అందులో కొంత ఉంది. వేసవి సెలవులకు ఒకే ఒక్క ఆట కొనుక్కోగలిగే విద్యార్థికి నూరు గంటలు వరమే, అతని దృష్టిలో నా ఫిర్యాదు కడుపునిండినవాడి ఫిర్యాదు. ఆ మాట కాదనను. కాని తీరిక లేకపోయినా వెయ్యి పేజీల నవలలు చదువుతూనే ఉన్నాను. అక్కడ చదివిన పేజీనే మళ్లీ చదివితేగాని తర్వాతి పేజీ తిరగదని ఎవరూ షరతు పెట్టలేదు. పైగా ఫ్రాన్సులోని మోంపెలియే నగరంలో ఒక చిన్న సంస్థ జపాను ఆటల మీది ప్రేమతోనే ‘క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ తయారుచేసి 2025 ఏప్రిల్‌లో విడుదల చేసింది. అసలు కథ సుమారు ముప్ఫయి గంటలు. అది బాగా అమ్ముడుపోయింది, ఆ ఏడాది డిసెంబరులో ‘గేమ్ అవార్డ్స్’లో ఉత్తమ ఆటగా బహుమతి తెచ్చుకుంది. కాబట్టి పొడుగు లేకపోతే కొనేవాళ్లుండరన్న వాదన నిలబడదు.

జపానులోనే పాత ఉదాహరణ ఒకటుంది. 1998లో స్క్వేర్ కంపెనీ తరఫున తెత్సుయా తకహాషి ‘జెనోగియర్స్’ చేశాడు. రెండు డిస్కుల ఆట. మొదటి డిస్కులో అన్నీ యథావిధిగా ఉన్నాయి. గడువు ముంచుకొచ్చింది. రెండో డిస్కులో తిరగవలసిన ఊళ్లు, కొట్టవలసిన రాక్షసులు చాలామటుకు తీసేశారు. ఒక పాత్ర చీకట్లో కుర్చీలో కూర్చుని జరిగినదంతా తన గొంతుతో చెబుతుంది, మధ్య మధ్య ముఖ్యమైన పోరాటాలు మాత్రం మనం చేస్తాం. దాన్ని అసంపూర్తి పని అని ఇప్పటికీ చాలామంది ఆక్షేపిస్తారు. ఆ ఆటలో నాకు అక్షరం అక్షరం గుర్తున్న భాగం ఆ కుర్చీలోంచి చెప్పినదే.